ముందు పాత సరుకు

నాగమణమ్మ ఏ ఇంటికి వెళ్లినా "మందులు వేసుకుంటున్నారా" అని మాత్రం అడగదు. ముప్ఫై ఏళ్ల కిందట, ఛాతీ వార్డులో కొత్తగా పని నేర్చుకునే రోజుల్లోనే ఆ ప్రశ్న మానేసింది. మానేలా చేసినవాడు మొగులయ్య. గౌలిపురలో గోడలకు సున్నం వేసే మనిషి, ఆయాసంతో వచ్చేవాడు. డాక్టరు ఆయనకు పీల్చుకునే క్యాప్సూళ్లు రాసిచ్చారు. వాటిని చిన్న ప్లాస్టిక్ పరికరంలో పెట్టి తిప్పితే క్యాప్సూలు విరుగుతుంది, లోపలి పొడిని గట్టిగా పీల్చుకోవాలి. నెలన్నర పాటు ఆమె వారం వారం అడిగేది, ఆయన వారం వారం చెప్పేవాడు: "రెండు పూటల వేస్కుంటున్న బిడ్డా, ఒక్క పూట గూడ ఇడుస్తలేను." అందులో అబద్ధం లేదు. ఒక్క పూట కూడా విడవకుండా క్యాప్సూళ్లను మంచినీళ్లతో మింగుతున్నాడు, అంతే. పరికరం భద్రంగా ఉండాలని దాన్ని దేవుడి గూట్లో పెట్టాడు.

అప్పటి నుంచీ ఆమెది ఒకటే మాట. "చూపియ్యుండ్రి." ఎట్లా పీలుస్తున్నారో చూపించండి, ఏది మింగుతున్నారో చూపించండి, ఎక్కడ పడుకుంటున్నారో చూపించండి. నోటితో చెప్పిందాంట్లో సగమే ఉంటుందనీ, మిగతా సగం చేతుల్లో ఉంటుందనీ ఆమె నమ్మకం.

ఇప్పుడామెకు యాభై ఆరు. ఛత్రినాకలో రెండు గదుల ఇల్లు. నర్సింగ్‌హోమ్ డ్యూటీలు చేసీ చేసీ కాళ్లు వాచిపోయి, ఐదేళ్లుగా ఒక ఛాతీ డాక్టరు గారి తరఫున ఇళ్లకు వెళ్లి నేర్పే పని చేస్తోంది. సూదులు, కట్లు ఆమె పని కాదు. ఏ మాత్ర దేనికి, ఎప్పుడు, ఊపిరి ఎలా వదలాలి, ఆయాసం ముంచుకొస్తే ఎలా కూర్చోవాలి, ఏ గుర్తు కనిపిస్తే ఇంట్లో ఆగకూడదు, ఇవన్నీ రోగికీ ఇంటివాళ్లకూ విడమరచి చెప్పడం. భుజాన ఒక గుడ్డ సంచి. అందులో నేర్పడానికి ఒక ఖాళీ ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ అనే ప్లాస్టిక్ బుర్ర, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే క్లిప్పు, ఒక కత్తెర, నాలుగు నిమ్మ బిళ్లలు. భర్త బాలరాజ్‌కు ఆటో ఉంది. పొద్దున బేరాలు మొదలుకాక ముందే ఆమెను మొదటి ఇంటి ముందు దింపుతాడు.

"నువ్వు ఊపిరి నేర్పుతవ్, నేను పొగ ఇడుస్త. ఇద్దరం కల్సి మంచి ధందా వెట్టినం" అంటాడు దింపేటప్పుడు. ఈ మాట ఐదేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆమె ఐదేళ్లుగా వినపడనట్టే దిగుతోంది.

ఆ ఏడాది దసరా వెళ్లిన వారం ఆమెకు కొత్తగా ఒక ఇల్లు పడింది. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో వైకుంఠం సేటు ఇల్లు. కింద జీలకర్ర, ధనియాలు, మిరప, పసుపు అమ్మే దుకాణం, పైన కాపురం, మధ్యలో పద్నాలుగు మెట్లు. అరవై తొమ్మిదేళ్ల సేటు నలభై ఎనిమిదేళ్లు ఆ దుకాణంలో కూర్చున్నాడు. వానాకాలంలో ఒకసారి, దసరాకు ముందు ఒకసారి, ఊపిరి ఆడక ఆసుపత్రిలో పడ్డాడు. రెండోసారి ఎనిమిది రోజులుండి, బాగా తేరుకుని, తన కాళ్ల మీద తాను నడిచి వచ్చాడు. ఇంటికొచ్చిన నాలుగు రోజులకే మళ్లీ ఈలవేసినట్టు ఛాతీలో చప్పుడు.

మెట్లెక్కబోతున్న నాగమణమ్మను సేటు కొడుకు దీక్షిత్ కిందే ఆపాడు. ముప్ఫై రెండేళ్లుంటాయి. దుకాణమంతా ఇప్పుడు అతని మీదే ఉంది.

"సిస్టర్, ఒక్క మాట. బాపుకు తెల్వకుంట చెప్తున్న. ఇంకొక్క పదిహేను రోజులు జూస్త. తగ్గకుంటె సంతోష్‌నగర్ల మా అక్క ఇంట్ల పెడ్త. ఆడ మెట్లు లేవు, మిర్చి ఘాటు లేదు. అక్క గది గూడ ఖాళీ జేయించింది."

"సేట్ ఒప్పుకున్నడా?"

"ఒప్పుకుంటడా? దుకాణం ఇడిసిపెట్టి ఆయన బత్కుతడా అని అమ్మ ఏడుస్తది. కని మొన్న ఆ అంబులెన్స్‌ల కూసొని నేను ఆయన పెదాలు జూసిన సిస్టర్. నీలం అయినయ్. ఇంకోసారి నాతోని గాదు."

నాగమణమ్మ తలూపి పైకి వెళ్లింది. సేటు మంచం మీద, వెనక మూడు దిండ్లతో కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య రుక్మిణమ్మ కొంగుతో విసురుతోంది.

"కొడుకు కింద ఆపిండా?" అన్నాడు ఆయన, పలకరింపు కూడా లేకుండా. "సంతోష్‌నగర్ ముచ్చట చెప్పిండా? ఈడ గోడలకు గూడ చెవులున్నయ్ నర్సమ్మా, మాది పాత ఇల్లు. ఆడికి పోయి నేనేం జెయ్యాలె? పొద్దంత టీవీ జూడాల్నా? అల్లుడు ఆఫీసు కెళ్లి వస్తే లేసి నిలవడాల్నా?"

ఇంత మాట్లాడేసరికి ఆయనకు ఎగశ్వాస. మాట మధ్యలో ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు. ఎవరూ నేర్పకుండానే శరీరం తనకు తానే నేర్చుకున్న పద్ధతి అది. మంచిదే. నాగమణమ్మ ఆయనను అలాగే ఉండనిచ్చి, క్లిప్పు వేలికి పెట్టింది. తొంభై ఒకటి.

"ఫికర్ వద్దు. ముందు మీ పంపు చూపియ్యుండ్రి."

ఆయన ఇన్‌హేలర్ తీసి, నోటికి జానెడు దూరంలో పెట్టి, దేవుడి మీద పన్నీరు చల్లినట్టు ఒక్కసారి నొక్కాడు. మందులో ముప్పాతిక మీసాలకే అంటింది.

"రెండు సార్లు అని రాసిండ్రు గదా సేట్?"

"ఒక్కసారికే పనైతుంటె రెండోది ఎందుకు దండుగ?"

ఆమె నవ్వలేదు. స్పేసర్ తగిలించి, పట్టుకోవడం చూపించింది. బాగా ఊపాలి, ఊపిరి మొత్తం వదలాలి, బుర్ర మూతి పెదాలతో మూయాలి, నొక్కాలి, మెల్లగా పీల్చాలి, పది అంకెలు బిగబట్టాలి. ఒక నిమిషం ఆగి రెండోది. పొద్దున, సాయంత్రం పీల్చే ఇంకో పంపు వేరు. దాని తర్వాత నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లగా పూస్తుంది. ఆయన తొందర తొందరగా పీలుస్తుంటే, "గింత తొందరెందుకు సేట్, రైలేమన్న పోతుందా?" అని నాలుగుసార్లు ఆపింది.

అంతా బాగానే ఉంది గానీ ఊపిరి వదలడం దగ్గర చిక్కొచ్చింది. ఆయాసం మనిషికి గాలి లోపలికి పోకపోవడం కన్నా, లోపలున్న పాత గాలి బయటికి రాకపోవడం పెద్ద బాధ. అందుకని పెదాలు చిన్నగా ముడిచి, పీల్చినదానికి రెండింతలు సేపు వదలమంటారు. సేటు వినలేదు. "నోటితోని ఊపిరి ఇడుసుడేంది? మా నాయిన ముక్కు మూస్కొని ప్రాణాయామం నేర్పిండు. నోటితోని ఊపిరి తీసేది కుక్క."

ఇంతలో కింద నుంచి దీక్షిత్ ఒక కాగితం పొట్లం పంపించాడు. కొత్త బస్తా జీలకర్ర, బాపు చూసి సరేనంటే దించుకుంటాడట. సేటు పొట్లం విప్పి గుప్పెడు అరచేతిలో పోసుకున్నాడు. వేలితో ఒకసారి కదిపి, అరచేయి నోటి దగ్గరకు తెచ్చి, పెదాలు సన్నగా చేసి, సుతారంగా, ఎంతో సేపు ఊదాడు. దుమ్మూ పొట్టూ లేచిపోయాయి. ఒక్క గింజ కదల్లేదు.

నాగమణమ్మ లేచి నిలబడింది.

"ఏం జేశిండ్రు మీరు ఇప్పుడు?"

"ఏం జేసిన? గట్టిగ ఊదితే గింజ వోతది, మెత్తగ ఊదితే దుమ్ము ఉంటది. గిట్ల ఊదాలె."

"గదే సేట్. నేను గంట సేపటి నుంచి మొత్తుకునేది గదే. ఇంకోసారి ఊదుండ్రి." ఆయన మళ్లీ ఊదాడు. "ఇప్పుడు జీలకర్ర లేకుండ."

ఖాళీ అరచేతిని చూసుకుంటూ ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. అయినా ఊదాడు. పది సార్లు ఊదాక భుజాలు దిగాయి. రుక్మిణమ్మ విసరడం మానేసి చూస్తోంది. నాగమణమ్మ మాత్రం ఆ పొట్లాన్ని అప్పుడే మడిచి కిందికి పంపించేసింది. ఆ లేచిన దుమ్ము ఎక్కడికి పోయిందో ఆమె చూసింది.

తరువాత మాత్రలు. రుక్మిణమ్మ పాత పోపుల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఏడు గిన్నెలు, ఏడు రోజులు. ఒక్కో గిన్నెలో ఆ రోజు మాత్రలు, రేకుల్లోంచి తీసి, ముత్యాల్లా. డబ్బా తళతళా తోమి ఉంది. ఇంత చక్కటి ఏర్పాటు ఆమె ఏ ఇంట్లోనూ చూడలేదు.

"అక్కా, మస్తు చేసినవ్. నేను గూడ అందరికి గిదే చెప్త ఇగ" అంది. రుక్మిణమ్మ ముఖం వెలిగింది. నాగమణమ్మ ఆసుపత్రి కాగితం ఒకసారి చూసి, గిన్నెలో మాత్రల సంఖ్య సరిపోయిందనుకుని, డబ్బా మూసింది.

వెళ్తూ వెళ్తూ కింద దీక్షిత్‌తో అంది, "మీ అనుమానం నిజమే బాబూ. పంపు తప్పు వాడుతున్నడు, అది సరి చేసిన. ఇగ దుమ్ము. దుమ్ముకెళ్లి దూరముంటె తగ్గుతది."

ఈ మాట తర్వాత ఆమెను చాలా రోజులు కుట్టింది.

వారం గడిచింది. పంపు ఇప్పుడు సేటు ఆమె కన్నా బాగా పీలుస్తున్నాడు. నిమిషం ఆగడానికి గోడ గడియారం వైపు చూస్తాడు. ఊదడం అలవాటైంది. దుకాణం వైపు తలుపు మూశారు, ఇంట్లో అగరొత్తులు మానేశారు. అయినా ఛాతీలో ఈల తగ్గలేదు. క్లిప్పు పెడితే ఒకనాడు తొంభై ఒకటి, ఒకనాడు తొంభై. మూడోసారి ఆమె వెళ్లేసరికి గదిలో మిరపకాయ పొగ. రుక్మిణమ్మ ఎండుమిర్చి తిప్పి దిష్టి తీసి, గది పక్కనే కుంపట్లో వేసింది.

"అక్కా."

"మరి ఏం జెయ్యమంటవ్ చెల్లె? మందు పని జేస్తలేదు. ఎవని కన్నో పడ్డది."

"దిష్టి తియ్యి, నేను వద్దన్ననా? ఉప్పుతోని తీసి నీళ్లల్ల కలుపు. పొగ వెట్టకు. ఆయనకు మిరపకాయ పొగ వెట్టి ఊపిరి పీల్చమంటె ఎట్ల?"

"నాకు అలవాటే లే" అన్నాడు సేటు మంచం మీద నుంచి, దగ్గు మధ్యలో. "నలభై ఎనిమిదేండ్లు పీల్చిన. మిర్చి నన్నేం జేస్తది?"

ఆయన ఊరికే అన్న ఆ మాట నాగమణమ్మ వెంట ఇంటి దాకా వచ్చింది. నిజమే. దుమ్ము ఈనాటిది కాదు. ఆసుపత్రిలో ఎనిమిది రోజుల్లో తేరుకున్నాడు, ఇంటికొచ్చి నాలుగు రోజులకే పడ్డాడు. ఆ నాలుగు రోజులు ఆయన దుకాణం మెట్టు కూడా దిగలేదు. మరి ఆసుపత్రిలో లేనిదీ ఇంట్లో ఉన్నదీ ఏంది? ఆలోచిస్తూ అన్నంలో పప్పుకు బదులు మజ్జిగ పోసుకుంది. బాలరాజ్ చూసి, "ఇయ్యాల ఏ ఇంట్ల లొల్లి?" అన్నాడు.

"నేను జూడంది ఏదో ఉన్నది ఆ ఇంట్ల."

"జూడకపోతె పోయి జూడు. పొద్దుగాల ఆడనే దింపుత."

మర్నాడు గురువారం. ఆమె రావలసిన రోజు కాదు. సందు మొదట్లో దీక్షిత్ ఎదురై, "ఇగ పదిహేను రోజులు ఆగుడు నాతోని గాదు సిస్టర్. రేపు పొద్దుగాలకు ట్రాలీ ఆటో మాట్లాడిన. మంచం, బట్టలు పంపిస్తున్న. పదకొండింటికి బాపును తీస్కపోత" అన్నాడు. అడగడం కాదు, చెప్పడం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాగమణమ్మ మెట్లెక్కింది.

సేటు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మంచం పక్కన ఒక సూట్‌కేసు తెరిచి ఉంది. ఆమె దాన్ని జరిపి, ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"సేట్, ఇయ్యాల నేను పేషెంట్‌ను, మీరు నర్సు. ఆయాసం వచ్చి దవాఖాన్ల పడ్డ, ఇప్పుడే ఇంటికొచ్చిన. నాకేం తెల్వదు. అన్ని నేర్పుండ్రి."

"రేపు పోయెటోనికి ఇయ్యాల ఈ ఆటలేంది?"

"రేపటి సంగతి రేపు. పేషెంట్‌ను గిట్ల కూసోవెడ్తరా?"

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. వచ్చినవాళ్లను ఖాళీ చేతులతో పంపడం దుకాణదారుడికి చేత కాదు.

"పంపు పట్టుకో. గట్ల గాదు. ఊపు ముందు. ఏమమ్మా, రైలేమన్న పోతుందా?" అచ్చం ఆమె గొంతే. రుక్మిణమ్మ వంటింటి గడపలో నిలబడి చాన్నాళ్లకు నవ్వింది. ఆయన ఒక్క ముక్క తప్పకుండా నేర్పాడు. పది అంకెలు తానే లెక్కపెట్టాడు. పుక్కిలించకుండా లేవబోతే కసిరాడు.

"ఇగ గోలీలు" అంది నాగమణమ్మ.

పోపుల డబ్బా వచ్చింది. గురువారం గిన్నె. "ఇది గ్యాసుకు, తినకముందు. ఇది ఊపిరికి, రాత్రి. ఈ తెల్లది బీపీకి, పొద్దుగాల ఒకటి."

"నాకేం తెల్వదు గదా నర్సుగారూ. ఈ తెల్లది దేంట్లకెళ్లి తియ్యాలె?"

"రుక్కుకు నేనే ఇస్త వారానికోసారి. సరుకు నా చేతిది, నింపుడు ఆమెది." ఆయన వంగి మంచం కింద నుంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా లాగాడు. మూత తీశాడు. వరసగా పేర్చిన మాత్రల రేకులు, ఒకే రకం, ఇరవై దాకా. "మా దోస్తు మెడికల్ షాప్ల ఒక్కసారే తెచ్చిపెట్టుకుంట. వచ్చే ఏడాది దాక తారీఖు ఉన్నది, జూడు."

నాగమణమ్మ ఒక రేకు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి పేరు చదివింది. మళ్లీ చదివింది.

"మరి దవాఖాన్ల కొత్తది రాసిచ్చిండ్రు గదా, బీపీకి?"

"ఆ, మార్చిండ్రని దీక్షిత్ చెప్పిండు. తెచ్చిండు గూడ. అల్మారల ఉన్నది, సీలు గూడ ఇప్పలే." ఆయన గొంతులో నేర్పేవాడి ధీమా ఇంకా ఉంది. "కంపెనీ మారితే మారనీ. ముందు పాత సరుకు అయిపోవాలె, తర్వాతనే కొత్త బస్తా ఇప్పాలె. గది మా తాత కాలం నుంచి కాయిదా. లేకుంటె పాతది మూలకు వడి పురుగు వడ్తది."

"దవాఖాన్ల ఉన్నప్పుడు ఈ గోలీ వేస్కున్నరా?"

"ఆడ వాళ్ల సరుకు వాళ్లు ఇచ్చిండ్రు. ఇంటికొచ్చినంక మనది మొదలువెట్టిన."

నాగమణమ్మ ఆసుపత్రి కాగితం తెప్పించుకుంది. రెండో పేజీ అడుగున, ఇంగ్లీషులో, గొలుసుకట్టు రాతలో ఆ మాత్ర పేరు రాసి, పక్కన ఆపేయాలని ఉంది. కింద గీత కూడా గీశారు. మొదటి రోజే ఆమె ఈ గీత చూసింది. కొత్త మాత్ర పేరూ చూసింది. గిన్నెలో తెల్ల మాత్ర ఒకటి కనపడగానే కొత్తది ఇదే అనుకుంది. రేకులోంచి తీసిన మాత్రకు పేరుండదు కదా. ముప్ఫై ఏళ్లుగా అందరినీ "చూపియ్యుండ్రి" అన్న మనిషి, తళతళలాడే డబ్బా చూసి అడగడం మరిచిపోయింది.

"సేట్, జర నా మాట ఇనుండ్రి. మీరు కంపెనీ మారింది అనుకున్నరు. కంపెనీ గాదు, మందే మారింది. ఈ పాత గోలీ బీపీకి మంచిదే, పన్నెండేండ్లు మీకు పని జేసింది. కని ఇది గుండెను నెమ్మది జేస్కుంట, ఊపిరి గొట్టాలను గూడ బిగిస్తది. ఆయాసం లేనోనికి ఏం గాదు. ఉన్నోనికి, ఒకపక్క పంపు గొట్టాలను తెరుస్తది, ఇంకోపక్క ఇది మూస్తది. అందుకే డాక్టర్ సాబ్ దీన్ని ఆపి వేరేది రాసిండు."

సేటు ఆ రేకు డబ్బా వైపు చూశాడు. ఆ చూపులో, పుచ్చు సరుకు గిరాకీకి ఇచ్చేశానని తెలిసిన దుకాణదారుడి సిగ్గు ఉంది. డబ్బా రెండు చేతులా ఎత్తుకుని కిటికీ వైపు లేచాడు.

"ఏడికి?"

"మోరీల పారవోస్త."

"కూసోండ్రి. వెయ్యొద్దు." ఆమె డబ్బా పట్టుకుంది. "గుండె మీద పని జేసే గోలీ ఇది. వేస్కునుడు ఎంత తప్పో, ఎవరినడగకుంట ఒక్కసారే బంద్ జేసుడు గూడ గంతే తప్పు. నేను గూడ ఆపమని చెప్పొద్దు, నాకు ఆ హక్కు లేదు. ఆగుండ్రి, ఫోన్ జేస్త."

డాక్టరు గారు రెండోసారికి ఎత్తారు. ఆమె మాత్ర పేరు, ఎన్ని రోజుల నుంచి, నాడి ఎంత, ఆక్సిజన్ ఎంత, అన్నీ వరసగా చెప్పింది. అవతల నుంచి జవాబు వచ్చింది. "సాయంత్రం నాలుగింటికి తీసుకురండి. ఆ డబ్బా మొత్తం తీసుకురండి. నాడి, బీపీ చూసి ఎలా మార్చాలో నేనే చెప్తాను. ఈలోగా ఆయాసం పెరిగితే నాలుగు దాకా ఆగొద్దు."

దీక్షిత్‌ను పైకి పిలిపించారు. విషయం విన్నాడు. గోడకు ఆనుకున్నాడు.

"డాక్టర్ చెప్పేటప్పుడు నేను ఇన్సూరెన్స్ కాయితాలు నింపుతున్న. బీపీ గోలీ మార్చినం అన్నడు. గదే చెప్పిన బాపుకు." తరువాత తండ్రి వైపు తిరిగాడు. "అడుగరాదా బాపూ ఒక్క మాట? గోలీలు గూడ బస్తాలేనా?"

"నువ్వు చెప్పరాదా నిండుగ ఒక్క మాట?" అన్నాడు తండ్రి. ఇద్దరిలో ఎవరిదీ కోపం కాదు.

"తప్పు నాది గూడ ఉన్నది" అంది నాగమణమ్మ. "మొదటి రోజే నేను రేకులు జూడాలె. జూడలే. అదిగాక నీకు దుమ్మని చెప్పిన. దుమ్ము గూడ ఉన్నది, అది లేదంట లేను. కని ఇప్పటి వరకు ఎంత దుమ్ముదో, ఎంత గోలీదో మనకు తెల్వదు. తెల్వనిదానికి మనిషిని ఇంట్లకెళ్లి లేపొద్దు దీక్షిత్. రెండు వారాలు ఆగు."

దీక్షిత్ సూట్‌కేసు వైపు చూశాడు. తండ్రి పెదాల వైపు చూశాడు. ఫోన్ తీసి ట్రాలీవాడికి వద్దని చెప్పాడు. అక్క అభిజ్ఞకు చేయడానికి మాత్రం మెట్ల మీదికి వెళ్లాడు. ఆమె గొంతు ఫోన్లోంచే గది దాకా వినిపించింది. గదికి కొత్త కర్టెన్లు కట్టించిందట, నాన్న కోసం ఫ్యాన్ మార్పించిందట, ఇంట్లో ఎవరి మాటకూ ఒక నిలకడ లేదట.

సాయంత్రం బాలరాజ్ ఆటోలో వెళ్లారు. డాక్టరు గారు నాడి చూసి, ఈసీజీ తీసి, పాత మాత్రను ఎలా వదలాలో, కొత్తది ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో తెలుగులో రాసిచ్చారు. నాగమణమ్మ అడిగి మరీ తెలుగులో రాయించింది. రేకు డబ్బా క్లినిక్‌లోనే ఉంచేసుకున్నారు. వాకిట్లోకి వచ్చాక సేటు ఖాళీ చేతులు చూసుకుని, "ఖాళీ డబ్బానన్న ఇయ్యరాదా" అన్నాడు. బాలరాజ్ వెళ్లి ఖాళీ డబ్బా అడిగి తెచ్చిచ్చాడు.

మర్నాడు ఆమె రుక్మిణమ్మ ముందు కూర్చుని కత్తెర తీసింది. మాత్రలను రేకుల్లోంచి తీయకుండా, ఒక్కో మాత్ర చుట్టూ రేకు కత్తిరించి, పేరు కనపడేలా గిన్నెల్లో వేయడం చూపించింది. పేరు మధ్యలో తెగిపోయే చోట చిన్న చీటీ. రుక్మిణమ్మకు అది నచ్చలేదు. "ఇదివరకు ఎంత అందముండె" అంది. చేసింది మాత్రం అలాగే. తలుపు వెనక ఒక కాగితం అంటించారు: వేసుకునేవి ఒక వైపు, ఆపేసినవి ఒక వైపు. ఆపేసినవాటి కింద ఒకే పేరు. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఆ కాగితం వెంట తీసుకుపోవాలి.

మార్పు ఒక్కరోజులో రాలేదు. మొదటి నాలుగు రోజులు తొంభై ఒకటి దగ్గరే ఉంది. దీక్షిత్ తానూ ఒక క్లిప్పు కొని తెచ్చి, రోజూ రెండుసార్లు వచ్చి చూసుకుని వెళ్లేవాడు. ఆరో రోజు తొంభై మూడు. పదో రోజు సేటు మూడు దిండ్లలో ఒకటి తీసి పక్కన పెట్టాడు, ఎవరూ చెప్పలేదు. పన్నెండో రోజున ఛాతీకి చెవి ఆనిస్తే ఈల ఎక్కడో దూరంగా, పొరుగింట్లో ఉన్నట్టు వినిపించింది. తొంభై నాలుగు.

"ఇగ మెట్లు" అన్నాడు సేటు.

ఆమె ఆయన పక్కన, ఒక మెట్టు కింద నడిచింది. దిగడం తేలిక. ఎక్కేటప్పుడు కాలెత్తే ముందు పీల్చి, ఎక్కుతూ వదలాలి. నాలుగు మెట్లకు ఒకసారి ఆగాలి. ఆగడం ఓడిపోవడం కాదని ఆయనకు పది రకాలుగా చెప్పాల్సి వచ్చింది. కింద దీక్షిత్ గిరాకీలను చూసుకుంటున్నట్టు నటిస్తూ మెట్ల వైపే చూస్తున్నాడు.

దుకాణం దగ్గర మాత్రం నాగమణమ్మ మెత్తబడలేదు. "ఈల తగ్గిందని దుమ్ము మంచిదైపోలే. మిర్చి కాడికి పోవుడు లేదు. బస్తా ఇప్పేటప్పుడు ఉండుడు లేదు. పొద్దుగాల రెండు గంటలు, బయటి వైపు, ముక్కుకు గుడ్డ. గంతే." ఆయన బేరమాడాడు. మూడు గంటలన్నాడు. రెండున్నర అన్నాడు. ఆమె రెండు దగ్గరే నిలబడింది. చివరికి దీక్షిత్ మిరప బస్తాలను సందు అవతల అద్దె గదికి మార్చాడు, బాపు గద్దెను వాకిలి వైపు జరిపించాడు. నలభై ఎనిమిదేళ్లు ఒకేచోట ఉన్న గద్దె కింద నేల వేరే రంగులో ఉంది. జరిపిన చోటు ఆయనకు నచ్చలేదు. వీధి కనపడుతుంది గానీ దుకాణం కనపడదన్నాడు. వారం రోజులు సణిగాడు. కూర్చున్నాడు.

పదిహేను రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది. దాని మాట ఎవరూ ఎత్తలేదు, ఒక్క అభిజ్ఞ తప్ప. ఆమె రోజూ ఫోన్ చేసి అడిగేది, తన గదిని ఏం చేయమంటారని. కార్తీకంలో ఒక శనివారం, నాగమణమ్మ అక్కడే ఉండగా ఫోన్ వచ్చింది. సేటే ఎత్తాడు.

"ఆ బిడ్డా. గది ఎవ్వరికి ఇయ్యకు, నా కోసమే ఉంచు. రేపు వస్త." అవతల ఏదో అంది. "అరె, ఉండనీకె గాదు. తిననీకె. పప్పుచారు జెయ్యి, పోపు వెట్టేటప్పుడు కిటికి తెరువు." ఫోన్ పెట్టేసి నాగమణమ్మను అడిగాడు, "ఒక్క పూటకు ఏమేం తీస్కపోవాలె?"

"నాకు తెల్వదు. మీరే చెప్పుండ్రి."

ఆయన వేళ్లు మడిచి చెప్పాడు. ఆయాసం వస్తే పీల్చే నీలం పంపు, బుర్ర, రాత్రి గోలీలు రేకుతో సహా, తలుపు వెనక కాగితం. ఆమె తలూపింది. సంచి భుజానికి తగిలించుకుంది. ఆమె వెళ్లాల్సిన తరువాతి ఇల్లు సంతోష్‌నగర్‌లోనే, కొత్త పేషెంట్. ఇక ఈ ఇంటికి నెలకోసారి వస్తే చాలని డాక్టరు గారు చెప్పారు. ఆ సంగతి చెబితే రుక్మిణమ్మ, "నెలకా?" అని, లోపలికెళ్లి ఒక పొట్లంలో ధనియాలు కట్టి ఇచ్చింది.

ఆదివారం పొద్దున బాలరాజ్ ఆటో సందులోకి వచ్చి ఆగింది. సేటు ఉతికిన ధోవతి కట్టుకుని, మధ్యలో రెండు చోట్ల ఆగి, మెట్లు దిగాడు. దీక్షిత్ చేయి అందించబోతే వద్దని సైగ చేశాడు. ఆటోలో కూర్చుని, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి బాలరాజ్ భుజం తట్టాడు.

"సాయంత్రం ఆరింటికి ఆడికి రావాలె తమ్మీ, నన్ను వాపస్ తీస్కొచ్చేందుకు. మా బిడ్డ ఉండుమంటది. నువ్వు హారన్ కొడ్తనే ఉండు."